పొడుగు చేతుల చొక్కా

ఆ ఎండాకాలం మా అక్క చొక్కా చెయ్యి నేనే చింపాను. ఎవరూ చింపమనలేదు. కుట్లు విప్పే బ్లేడు చేతిలో ఉంది, కోపం ఎప్పట్లాగే ముక్కు మీద ఉంది.

మాది దర్జీ షాపు. ముందు గదిలో షాపు, వెనక రెండు గదుల్లో మేము. కటింగు నాది. ఇద్దరు ఆడవాళ్లు మిషన్ల మీద కుడతారు. చేతులు వణకడం మొదలయ్యాక నాన్న కత్తెర నాకు అప్పగించి తాను ఇస్త్రీ దగ్గరికి మారాడు. బడులు తెరిచే ముందు రెండు నెలలూ మాకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, యూనిఫాంలు కుప్పలుగా వచ్చి పడతాయి. ఎంత పని ఉన్నా ఆదివారం మధ్యాహ్నం మాత్రం షట్టరు సగం దించి, కటింగు బల్ల మీది గుడ్డముక్కలు ఊడ్చేసి, అందరం దాని చుట్టూ కూర్చునేవాళ్లం. ఆ వారం ఎవరు ఏం కొనుక్కుంటే అది బల్ల మీద పెట్టాలి.

ఇది నాన్న పెట్టిన పద్ధతి. అమ్మ పోయిన కొత్తలో అక్కా నేనూ ఒకరికి తెలియకుండా ఒకరం రిబ్బన్లూ పెన్సిళ్లూ కొని దాచుకునేవాళ్లం, బయటపడ్డాక జుట్లు పట్టుకునేవాళ్లం. ఆ గోల పడలేక పెట్టాడు. ఏం కొన్నావు, ఎక్కడ కొన్నావు, ఎందుకు కొన్నావు అని మూడు ప్రశ్నలూ తనే అడిగేవాడు. ధర అడగకూడదు. చేతిలోకి తీసుకునే ముందు "చూడొచ్చా" అనాలి. మేం పెద్దవాళ్లమయ్యాం, అక్కకి పోస్టాఫీసులో ఉద్యోగం వచ్చింది, పెళ్లయి రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. అయినా ఆదివారం బల్ల ఆగలేదు.

నిజం చెప్పాలంటే బావ వచ్చాకే దానికి కళ వచ్చింది. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టే షాపు ఆయనది. మాటకారి. నన్ను "కత్తెరా" అని పిలిచేవాడు, నా కోపం మీద జోకులేసేవాడు, నేనే పగలబడి నవ్వేదాన్ని. ఇలాంటి మొగుడు దొరికినందుకు అక్క అదృష్టవంతురాలని మిషన్ల దగ్గర ఆడవాళ్లతో అన్నాను కూడా.

ఆ ఆదివారం మొదటి వంతు నాన్నది. ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకం పెట్టాడు. పక్షుల గూళ్ల గురించి. చివరి ఇరవై పేజీలు లేవు.

"ఎందుకు కొన్నారు మామయ్యా?" అన్నాడు బావ.

"మొదటి పేజీలు ఉన్నాయి కదయ్యా."

"అదీ నిజమే. చివర్లో పక్షి ఎలాగూ ఎగిరిపోతుంది."

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది, కాకపోతే ముందు బావ మొహం చూసి, తర్వాత నవ్వింది. అది నాకు ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు పట్టించుకోలేదు.

బావ కొత్త బూట్లు పెట్టాడు. నేను కొత్త టేపు పెట్టాను. అక్క ఏమీ కొనలేదంది.

"అబద్ధం. సిగ్గుపడుతోంది మామయ్యా" అని బావ ఆమె సంచిలో చెయ్యి పెట్టి, మడత విప్పని చొక్కా ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. బూడిదరంగు. పొడుగు చేతులు, మెడ పైదాకా వచ్చే కాలరు. "సందు మాస్టరు దగ్గర కుట్టించింది. నెలకొకటి, ఇది నాలుగోది."

నాకు తల కొట్టేసినట్టయింది. గౌన్లు వేసుకునే వయసు నుంచి అక్క ఒంటి మీద నేను కుట్టనిది గానీ నాన్న కుట్టనిది గానీ లేదు. పని హడావిడిలో ఈ మధ్య ఆమె ఏం వేసుకొస్తోందో నేను చూడనేలేదు. ఆమె కొలతలు నేను పుస్తకంలో రాసుకోను, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. సందు మాస్టరంటే మా షాపు వెనక సందులో కూర్చునే దర్జీ. అతను కుట్టిన చంకలు పట్టేస్తాయని మేం అందరం వెక్కిరించేవాళ్లం. అక్క కూడా వెక్కిరించేది.

"ఎందుకు కొన్నావు?" అన్నాను. అడగాల్సింది నాన్న, అడిగింది నేను.

"ఊరికే" అంది అక్క. తల ఎత్తలేదు.

"నాలుగు చొక్కాలు ఊరికేనా? నా పని అంత పాడైపోయిందా? చెప్పు, నేర్చుకుంటాను."

"మీకు యూనిఫాంల పని కదా, ఇబ్బంది పెట్టకూడదని…"

"నాలుగు నెలల నుంచా యూనిఫాంలు?"

ఒళ్లు మండిపోయింది. చూడొచ్చా అనలేదు. చొక్కా లాక్కుని తిరగేసి, "ఇదిగో, ఇదీ మీ మాస్టరు కుట్టు" అని భుజం దగ్గర బ్లేడు పెట్టి ఒక్క లాగు లాగాను. చెయ్యి మొత్తం ఊడి నా చేతికి వచ్చింది. దాన్ని అక్క మొహాన కొట్టాను. నాన్న "ఏమిటే ఇది" అన్నాడు. బావ నవ్వుతూ, "కత్తెరా, కత్తెరా, ఇంక చాలు" అన్నాడు. అక్క చొక్కా ముక్కలు రెండూ మడిచి సంచిలో పెట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. నాకు జాలి కలగలేదు. ఏడిస్తే ఏడవనీ అనుకున్నాను. మండుటెండల్లో మనిషి వేళ్ల కణుపుల దాకా, గడ్డం కిందిదాకా గుడ్డ ఎందుకు కప్పుకుంటోందని ఒక్క క్షణం ఆలోచించలేదు. కుట్టు చూశాను గానీ, కుట్టించుకున్న మనిషిని చూడలేదు.

తర్వాత మూడు ఆదివారాలు అక్క రాలేదు. బావ ఒక్కడే వచ్చాడు. ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి నా మీద కోపం తగ్గలేదన్నాడు. "పుట్టింటి మీద అంత పట్టుదల ఏమిటని నేనే మందలించాను మామయ్యా" అని టీ తాగాడు. నేను నమ్మాను. నాకే కోపం తగ్గలేదు, ఇక ఆమె కోపం నమ్మడానికి నాకేం కష్టం? ఫోను చెయ్యలేదు. రెండు వీధులు దాటి వెళ్లలేదు. ఆరువందల నిక్కర్లు కత్తిరించాను.

నాలుగో వారం మధ్యలో, పొద్దున్నే షట్టరు ఎత్తేసరికి సందు మాస్టరు నిలబడి ఉన్నాడు. చంకలో కొలతల పుస్తకం.

"నా పని బల్ల మీదేసి చింపారటగా" అన్నాడు. "మీ బావగారు ఆ చొక్కా మళ్లీ తెచ్చి చెప్పారు, చెయ్యి అతికించమని. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. తప్పుంటే నన్ను పిలిచి చెప్పాలి. ఇదిగో చూడండి, ఇచ్చిన కొలతలు ఇచ్చినట్టే కుట్టానా లేదా."

పోట్లాటకే వచ్చాడు. నేనూ సిద్ధంగానే ఉన్నాను. పుస్తకం లాక్కుని చదివాను. మొదటి చొక్కా చెయ్యి పన్నెండంగుళాలు. నెల తర్వాత రెండోది పదిహేడు. మూడోది ఇరవై రెండు. నాలుగోది ఇరవై నాలుగు. కాలరు మొదట ఒక అంగుళం, చివర రెండున్నర.

"మనిషి వచ్చి కొలతలిచ్చిందా?" అన్నాను.

"లేదు. పాత చొక్కా తెచ్చి, పొడుగులు మాత్రం ఆయనే నోటితో చెప్పేవారు. మూడోదానికి నడుం పైన రెండంగుళాలు లూజుంచమన్నారు. లోపల కట్టు ఉంటుందట." అతను పుస్తకం వైపు చూసి, నా వైపు చూశాడు. అతని మొహంలో పోట్లాట పోయింది. దర్జీవాళ్లం ఇద్దరం. మనిషి చెయ్యి నాలుగు నెలల్లో పన్నెండంగుళాలు పెరగదని ఇద్దరికీ తెలుసు.

"అమ్మా, నేను కూడా ఆలోచించలేదు" అన్నాడు మెల్లగా.

నేను టేపు మెళ్లో ఉన్నది ఉన్నట్టే అక్క ఇంటికి పరుగెత్తాను. బావ షాపులో ఉండే వేళ. అక్క తలుపు గొలుసు తియ్యకుండానే సందులోంచి చూసింది.

"వెళ్లిపోవే. ఆయన వస్తే బాగుండదు."

"కొలత తీసుకోవాలి. తలుపు తీ."

నేను తలుపు తన్నేస్తానని తెలిసి తీసింది. లోపల అన్నీ శుభ్రంగా సర్ది ఉన్నాయి. చెయ్యి చాపమన్నాను. చాపింది. నేనే చేతుల గుండీలు విప్పి పైకి మడిచాను. అక్క మణికట్టు ఐదున్నర అంగుళాలు, ఎప్పుడూ అంతే. టేపు చుట్టాను. ఏడు. మోచేతి దగ్గర నల్లగా, దానిపైన పసుపుగా, దానిపైన ఇంకా ఎర్రగా, ఒకదాని మీద ఒకటి. సన్నటి గీతలు కూడా ఉన్నాయి, రాగితీగ మడిచి కొట్టిన వాతలు. మెడ మీద నాలుగు వేళ్ల గుర్తులూ విడివిడిగా కనబడుతున్నాయి. ఎడమచేతి చివరి రెండు వేళ్లకి పుల్లలు కట్టి ఉన్నాయి.

"ఇవెప్పుడు?"

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ అడిగాను.

"నువ్వు చొక్కా చింపిన రోజు. దారిలో ఏడ్చాను. నలుగురూ చూస్తుండగా ఏడ్చానని."

అక్కకీ నాకూ మధ్య తెగ్గొట్టడానికే ఆ రోజు ఆయన చొక్కా బయటికి తీశాడని అప్పుడు అర్థమైంది. నా కోపం కొలతలు ఆయన దగ్గర ఉన్నాయి. ఎంత చూపిస్తే నేను ఎంత చింపుతానో తెలుసు. నేను పిచ్చిదానిలా ఆయన చెప్పిన పొడుక్కే చింపాను.

తలుపు వైపు నడిచాను. అక్క బాగున్న చేత్తో నా జబ్బ పట్టుకుంది.

"ఎక్కడికి?"

"వాడి షాపుకి."

"వెళ్లి కొడతావు. కొట్టేసి నువ్వు ఇంటికి పోతావు. వాడు వచ్చేది నా దగ్గరికి."

"అయితే ఇప్పుడే బయల్దేరు నాతో."

"వస్తాను. సాయంత్రానికి ఆయన పళ్ల సంచితో వస్తాడు, నాన్న కాళ్ల దగ్గర కూర్చుంటాడు, మెట్ల మీద పడ్డానని నాన్నతో నేనే చెప్పేస్తాను. నా సంగతి నాకు తెలుసు." చొక్కా చేతులు మళ్లీ కిందికి లాక్కుంది. "అందరి ముందూ అయిపోవాలి, మళ్లీ మింగడానికి వీల్లేకుండా. ఆదివారం వస్తాను. నువ్వు ఆయనకి ఫోన్ చేసి క్షమాపణ అడుగుతానని చెప్పు. అది చూడ్డానికి తీసుకొస్తాడు."

నాలుగు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. రోజూ పోస్టాఫీసుకెళ్లి ఒక్కో స్టాంపు కొన్నాను. కౌంటరు అవతల అక్క బతికి ఉందో లేదో చూసుకోవడానికి. బావకి ఫోన్ చేసి, "తప్పు నాదే బావా" అన్నాను. ఆ మాట అనడానికి గోళ్లు అరచేతిలోకి దిగబడ్డాయి. ఆయన ఎంత సంతోషించాడో.

ఆదివారం ఇద్దరూ వచ్చారు. అక్క శాలువా కప్పుకుంది. జ్వరం తగ్గినా చలి తగ్గలేదని బావే చెప్పాడు. తన వంతు రాకముందే కొత్త వాచీ చూపించడానికి మణికట్టు బల్ల మీద పెట్టాడు. నాన్న ఈసారి చలిచీమల గురించి పుస్తకం కొన్నాడు. దాని మీద జోకేసింది ఎవరో, నవ్వింది ఎవరో నాకు గుర్తులేదు. సందు మాస్టరుని కూడా రమ్మన్నాను. క్షమాపణ అతనికి కూడా చెప్పాలి కదా అని బావతో అన్నాను. అతను పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మాయ్, నువ్వేం కొన్నావు?" అన్నాడు నాన్న.

"చొక్కా."

"మళ్లీ సందు మాస్టరు దగ్గరేనా?" అని బావ నవ్వాడు.

"కాదు. పోస్టాఫీసు పక్క షాపులో. రెడీమేడ్."

"ఏదీ?"

అక్క శాలువా తీసి కుర్చీకి తగిలించింది. తెల్లటి చొక్కా, మెడ కిందికి ఉంది, చేతులు భుజం దాటి రెండంగుళాలు. అంతే. మొత్తం కనబడుతోంది. మిషన్ మీద కునుకు తీస్తున్న పిల్లి దిగి వెళ్లిపోయింది. ఇంకేమీ కదల్లేదు.

నాన్న నోట అలవాటు కొద్దీ వచ్చింది ఆ ప్రశ్న.

"ఎందుకు కొన్నావమ్మా?"

"చేతులు కనబడాలని నాన్నా."

బావ ముందు నవ్వాడు. "మెట్ల మీద పడింది మామయ్యా, చెప్పొద్దంటే…" అంటూనే లేచాడు. ఎవరూ నవ్వలేదు. అంతవరకు ఆయన మాటకి ఎవరూ నవ్వకపోవడం ఆ ఇంట్లో జరగలేదు. మొహం మారిపోయింది. అక్క జుట్టు పట్టుకుని తల బల్లకేసి కొట్టాడు. చప్పుడు చెక్కమీద సుత్తి పడ్డట్టు వచ్చింది. రెండోసారి కొట్టబోతుంటే నాన్న అడ్డం వెళ్లాడు, వణికే చేతులతో ఆయన చొక్కా పట్టుకున్నాడు. ఆయన ఒక్క తోపు తోశాడు. నాన్న మిషన్ ఇనుప కాలుకి తగిలి పడ్డాడు, నుదురు చీలి రక్తం కళ్లలోకి కారింది. సందు మాస్టరు వెనకనుంచి బావ నడుం పట్టుకున్నాడు గానీ ఆగే మనిషా. అక్క జుట్టు వదల్లేదు.

జుట్టు పట్టుకున్న ఆ చెయ్యి బల్ల అంచుమీద ఉంది. నేను పెద్ద కత్తెర మూసి, పిడి వైపు నుంచి, మణికట్టు మీద కొట్టాను. వాచీ అద్దం పగిలింది. లోపల ఎముక విరగడం నా అరచేతికి తెలిసింది. ఆయన అరిచి అక్కని వదిలాడు. అప్పుడే ఆపెయ్యాలి. ఆపలేదు. మళ్లీ అదే చోట కొట్టాను. వంగితే భుజం మీద కొట్టాను. "కత్తెరా, వద్దు, కత్తెరా" అంటున్నాడు. ఆ పేరు వినగానే నోటి మీద కొట్టాను. పళ్లు యూనిఫాం గుడ్డ మీద పడ్డాయి. అబద్ధం ఎందుకు, నాకు హాయిగా ఉంది. చెయ్యి లేచి పడుతుంటే నాలుగు రోజుల సిగ్గంతా దిగిపోతున్నట్టుంది. కింద పడ్డాక తన్నాను. నాన్న నా కాలు పట్టుకుని ఏడుస్తున్నాడు. చివరికి అక్క గొంతు వినబడింది.

"ఆపు. చచ్చిపోతాడు. నీకు దణ్ణం పెడతాను, ఆపు."

నిజంగానే దణ్ణం పెట్టి నిలబడి ఉంది, ముక్కులోంచి రక్తం కారుతూ. ఆగాను.

తర్వాత పోలీసులు వచ్చారు. అక్క ఫిర్యాదు తనే రాసింది, పోస్టాఫీసు ఫారం నింపినట్టు తేదీల వారీగా. సందు మాస్టరు కొలతల పుస్తకం వాళ్ల ముందు తెరిచి, పన్నెండు, పదిహేడు, ఇరవై రెండు అని వేలు పెట్టి చూపించాడు. బావని ఆస్పత్రి నుంచి నేరుగా జైలుకి తీసుకెళ్లారు. ఆయన చెయ్యి విరగ్గొట్టినందుకు నా మీదా కేసు పడింది. పడనీ అన్నాను. నాన్నకి ఐదు కుట్లు వేశారు. అక్క తన గుడ్డలు రెండు సంచుల్లో సర్దుకుని వెనక గదిలోకి వచ్చేసింది. పొడుగు చేతుల చొక్కాలు నాలుగూ నేనే కత్తిరించి మిషన్లు తుడిచే పేలికలు చేశాను. నేను మా అక్కని కాపాడుకున్నానని వీధిలో అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. మిషన్ల దగ్గర ఆడవాళ్లకి ఆ కథ రెండు మూడుసార్లు చెప్పాను కూడా, చెప్పిన ప్రతిసారీ ఒక దెబ్బ ఎక్కువేసి.

బడులు తెరవడానికి రెండు రోజుల ముందు మాట. సెలవు పెట్టిన అక్క ఆ నెలంతా షాపులోనే కూర్చుని గుండీలు కుట్టేది. వంకరగా అతుక్కున్న రెండు వేళ్లతో కూడా చకచకా కుట్టేది. మెడ మీద మచ్చలు పోయాయి. ముందురోజు రాత్రి కంటే బాగా నిద్రపట్టిందని పొద్దున్నే చెప్పింది. నాన్న పేపరు చదివి వినిపిస్తుంటే నవ్వింది, ఎవరి మొహమూ చూడకుండా.

అప్పుడు ఒక కట్ట విప్పి చూశాను. నలభై నిక్కర్లకీ జేబు ఎడమవైపు కుట్టి ఉంది. ఆ బడివాళ్లది కుడివైపు. సాయంత్రానికి అప్పగించాలి.

"కళ్లున్నాయా మీకు?" అని అరిచి, చేతిలో ఉన్న చెక్క స్కేలు ఎత్తి బల్ల మీద కొట్టాను. ఒక్కసారే. స్కేలు రెండుగా విరిగింది.

మిషన్లు ఆగిపోయాయి. ఆడవాళ్లిద్దరూ నన్ను చూడటం లేదు, నా వెనక గోడ వైపు చూస్తున్నారు. తిరిగాను. అక్క కుర్చీలో లేదు. గోడకి ఆనుకుని నేల మీద ముడుచుకుపోయి ఉంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి, రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుంది. ఎంత తొందరగా వెళ్లిందంటే గుండీలు ఇంకా నేల మీద దొర్లుతున్నాయి.

"అక్కా, నిన్ను కాదే."

దగ్గరికి వెళ్లాను. చెయ్యి చాపితే ఇంకా లోపలికి ముడుచుకుంది. చేతిలో విరిగిన స్కేలు ముక్క ఉందని అప్పుడు చూసుకున్నాను. దాన్ని కింద పెట్టేశాను. ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"తప్పైపోయింది అక్కా. నిన్నెందుకు కొడతాను? పని ఒత్తిడిలో చెయ్యి లేచింది. ఇంకెప్పుడూ ఇలా జరగదు."

అక్క చేతులు మెల్లగా దించింది. నా మొహం చూసింది, నేల మీద ఉన్న ముక్క చూసింది. తర్వాత కిందకి వంగి గుండీలు ఒక్కొక్కటీ ఏరుకోవడం మొదలుపెట్టింది.

"ఏం లేదులే. అలవాటు" అంది. చేతికందిన గుండీని తుడిచి డబ్బాలో వేసింది. "ఆయన కూడా మొదట్లో చేతిలోది కింద పెట్టేసి, అచ్చం ఇలాగే అనేవాడు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే తట్టుకునేదాన్ని.